నాలుక కోసేది

తాత్సెలెంగె.
వాళ్ళ మాటలో, నాలుక కోసేది అని.
మా జాబితాలో ఆ పేరు లేదు.
జాబితాలో లేని తీగ నేల మీద ఉండకూడదు.
ఉంటే లెక్క రాసి, పీకేస్తామని సంతకం పెట్టించుకు రమ్మని
నాకో సైకిలూ నాలుగు కార్బన్ కాగితాలూ ఇచ్చి
ఊదినె నుంచి పంపించారు,
డెబ్బయ్యొకటి నవంబరులో.

బుత్రియో దాటాక గుట్టలు.
అక్కడిది మట్టి కాదు, అలాగని రాయీ కాదు,
వానకి పెంకులు పెంకులుగా విచ్చుకుని
వేళ్ళ మధ్య పిండైపోయే బూడిదరంగు పొర.
నా బూట్లకి అరకిలో పట్టింది.

జిల్దా నొవాక్కో ఇంటి ముందు అల్లని కుర్చీలు గుట్టగా,
కాళ్ళు పైకెత్తుకుని.
గడ్డి పేని పేని ఆమె కుడి బొటనవేలు పక్కకి తిరిగిపోయింది.
నోట్లో నాలుక లేని మనిషని చెప్పారు ఊళ్ళో.
నీ పని పావుగంట, అన్నారు.

అమ్మా, ప్రభుత్వ ఉత్తర్వు, అని మొదలుపెట్టాను.
కుర్చీ వేసింది.
కూర్చునే చోట ఏమీ లేదు, వట్టి చట్రం.
అంచు మీద ఎలాగో నిలదొక్కుకుని మళ్ళీ మొదలుపెట్టాను:
తీగకి ఇంత పరిహారం, మెర్లో అంట్లు ఉచితం,
రవాణా కూడా మేమే...
ఆమె లోపలికెళ్ళి
పీపా లోంచి ఒక పొట్టి గ్లాసు పట్టుకొచ్చింది.

ముందు రంగు. కలం విదిలించబుద్ధేసేంత సిరా.
తరవాత వాసన: వాన వెలిసిన ముళ్ళపొద, నల్లటి పళ్ళు,
ఆ వెనకెక్కడో గుర్రానికి అప్పుడే జీను విప్పినట్టు.
బానే ఉందే అనుకున్నాను.
మింగాను.

పచ్చి అక్రోటు తొక్క కొరికినట్టు
బుగ్గలు లోపలికి లాక్కుపోయాయి.
పళ్ళు ఒకదానికొకటి పరాయివయ్యాయి.
పులుపు నాలుక అంచులు చెక్కేసింది.
మిగిలినదాన్ని వగరు పట్టుకుని
ఎండలో ఆరేసిన తోలు చేసింది.
పరిహారం అనబోతే
పెదవులు పలికే 'ప' ఒక్కటే వచ్చింది.
తక్కిన అక్షరాలకి నాలుక కావాలి.

ఆమె ఎదురుగా ఇంకో చట్రం మీద కూర్చుంది,
పరుపు మీద కూర్చున్నట్టు.
"ఇప్పుడు విను," అంది.

"మా మాట మాట్లాడితే బళ్ళో
నోట్లో సుద్దముక్క పెట్టి గోడకి నిలబెట్టేవాళ్ళు.
మా ఆయన, వీజి, ఆ సుద్ద కరిగేదాకా
లోపల్లోపల గుట్ట మీది ద్రాక్షల పేర్లు చదువుకునేవాడట.
ఇది ఆఖరి పేరు.
అల్బేనియా యుద్ధం నుంచి తిరిగొచ్చాక
మాట్లాడింది ఈ తీగలతోనే,
అవీ తిట్లే.
పిల్లలు ఎప్పుడు తాగాలని అడిగితే
వేళ్ళు చూపించేవాడు. ఎనిమిది.
ఎనిమిదేళ్ళకి దీని కోపం దిగుతుందని.
నువ్వు తాగింది నిరుటిది."

నవ్వింది. పళ్ళు నల్లగా ఉన్నాయి.

ఎనిమిదేళ్ళది మిగిలి ఉందా అని అడగబోయాను.
మాట పెగల్లేదు.
రెండు చేతులూ ఎత్తి వేళ్ళు చూపించాను,
బొటనవేళ్ళు ముడుచుకుని.

ఆమె నా చేతుల వంక చూసింది.
చాలాసేపు చూసింది.
వీధిలో ఎవరో కుర్చీలు బండికెత్తుతున్న చప్పుడు.
అప్పుడు లేచి లోపలికెళ్ళింది.

దుమ్ము తుడవని సీసా.
సుద్దతో రాసిన అంకెలు, ఆరు, మూడు.
ఆ మూడు కాస్త వణికింది.

దాని రుచి చెప్పను.
రాదని కాదు.

కాగితం మీద ఇలా రాశాను:
తీగలు, మూడు వరసలు.
జాతి, తెలియలేదు.
యజమానురాలు ఏమీ మాట్లాడలేదు.
నాలుగో ప్రతి దాకా గ్లాసు అడుగు గుండ్రంగా దిగింది.

సగం దారిలో గుర్తొచ్చింది,
సంతకం తీసుకోలేదని.
వెనక్కి తిరగలేదు.

ఊదినెలో మా అధికారి ఏదో అడుగుతూనే ఉన్నాడు,
నా పళ్ళ వంక చూస్తూ.