అరడుగు దూరంలో

వారమంతా డాబాగార్డెన్స్ స్టూడియోలో
పాస్‌పోర్టు మొహాలు తీస్తాను.
గడ్డం కాస్త దించండి, చెవులు కనపడాలి,
నవ్వకూడదు.

ఆదివారం పొద్దున్న మాత్రం
దొండపర్తిలో, రైల్వే ఆఫీసు గోడ పక్క
సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన
బొగ్గింజను దగ్గరికి పోతాను.
దానికేమీ చెప్పక్కర్లేదు.
ఎన్నేళ్లుగానో నవ్వకుండానే నించుంది.

దూరం నుంచి అందరూ తీస్తారు,
పిల్లల్ని బఫర్ల మీద కూచోబెట్టి,
పెళ్లికి ముందు జంటల్ని చక్రాలకి ఆనించి.
నాకు మొత్తం ఇంజను అక్కర్లేదు.
అరడుగు దూరం చాలు.
రివెట్ తల ఒకటి,
దాని చుట్టూ పెచ్చులూడిన రంగు:
పైన మొన్నటి సిల్వరు,
కింద ఎవరో పెద్దాయన వస్తున్నాడని పూసిన ఎరుపు,
ఆ కింద పాచిలాంటి ఆకుపచ్చ,
అన్నిటికీ అడుగున
ఏ పెయింటరూ పూయని నలుపు.

ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదు.
కానీ అది వస్తుంది.
రాత్రిళ్లు ఉప్పుగాలిలో ఎక్కి వచ్చి
కనెక్టింగ్ రాడ్డు కీళ్లలో వేలు పెట్టి
కొంచెం కొంచెంగా గీక్కుని తింటుంది.
లెన్సులోంచి చూస్తే ఆ తుప్పు
అంచు మాడిన మాడుగుల హల్వా.

ఏడింటికి కొర్లయ్య వస్తాడు
కంచరపాలెం నుంచి నడిచి,
వానా ఎండా లేకపోయినా చంకలో గొడుగుతో.
పిల్లా కొర్లయ్య ఫైర్‌మేన్ రిటైర్డు.
అలాగే చెప్తాడు పేరు, ఒక్క ఊపిరిలో,
హాజరు పలికినట్టు.

“ఏటమ్మా, ఆ మూల ఏటి తీస్తన్నావు?
మొకం ఇటుంటే?”
మేకు తీస్తున్నాను తాతా, అన్నాను.
“మేకు కాదు. రివీటు.”
అంతే. ఆ రోజుకి మాటల్లేవు.

తర్వాతి ఆదివారం తనే పైకి రమ్మన్నాడు.
ఫుట్‌ప్లేటు నిండా ఎండుటాకులు, గుట్కా పొట్లాలు,
వెల్డింగు పెట్టి మూసేసిన పొయ్యి తలుపు.
కాలితో చెత్త పక్కకి నెట్టి
“ఇక్కడ తియ్యి” అన్నాడు.

అక్కడ ఏమీ లేదు.
వంగాను. మోకాళ్ల మీద కూచున్నాను.
అరడుగు దూరానికి దిగాక కనపడ్డాయి
ఇనప పలకలో రెండు పల్లాలు,
రోజూ అన్నం కలిపే చోట
కంచం అరిగినట్టు.

“ఎడం కాలు అక్కడ. కుడి కాలు ఇక్కడ.
పార తిప్పితే నడుం తిరగాల గాని
కాలు కదలకూడదు.”
చెప్పులు విడిచి నిలబడ్డాడు.
పాదాలు సరిపోలేదు.
ఎడమది ఒక అంగుళం బయటికే ఉంది.

“ఇది నా బండి కాదు గదా” అన్నాడు.
“నాది వేలంలో పోనాది.
మర్రిపాలెం యార్డులో గేసు కట్టర్లెట్టి
మూడ్రోజులు కోసేరు.
నాను డూటీలోనే ఉన్నాను.”
మళ్లీ కిందికి చూసుకుని,
“ఇది ఎవుడిదో.
పొట్టోడు. కుడికాలు కొంచెం ఈడ్సీవోడు.”

లెన్సు మార్చాను.
బ్యాగులో చల్లగా పడుకున్న అద్దం
విశాఖ ఉక్క తగలగానే
తెల్లగా మసకబారింది.
చున్నీతో తుడవబోయాను.
“ఉండనీ” అన్నాడు కొర్లయ్య,
నా భుజం మీంచి కెమెరా తెరలోకి తొంగిచూస్తూ.
ఇంజనూ లేదు, తలుపూ లేదు అందులో,
వట్టి ఆవిరి.
అది విడిపోయేదాకా
ఇద్దరం మాట్లాడలేదు.

ఆ పూట తీసింది ఒక్క బొమ్మే.
ఎవరివో తెలియని రెండు పాదాల లోతు.
ప్రింటు వేసిచ్చాను.
వెనక్కి తిప్పి, ముందుకి తిప్పి
తలకిందులుగానే పట్టుకుని చూశాడు,
తను నిలబడే వైపు నుంచి.

సోమవారం మొదటి గిరాకీ
తెల్ల తెర ముందు కూచున్నాడు.
గడ్డం దించండి అనబోయి
ఎందుకో
అతని కాళ్ల వైపు చూశాను.