గడిచిన ఏడు రోజుల్లో

పదిహేడో ప్రశ్న దగ్గర ఎప్పుడూ గొంతు సవరించుకుంటాను.
"గడిచిన ఏడు రోజుల్లో, కూలికో లాభానికో,
కనీసం ఒక గంట పని చేశారా?"

మసేరులో జూన్ నెల. తెత్సానే ఫ్యాక్టరీల వెనక రేకుల గది.
కిరోసిన్ స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు
కాగవు, కాగుతున్నట్టు చప్పుడు చేస్తాయంతే.
మాసెబాతా భుజం మీద దుప్పటికి పిన్ను సరిచేసుకుని
"గంటా?" అని నవ్వింది.

"మంగళవారం. ఇంకా చీకటుండగానే గేటు ముందు నిలబడ్డాం,
నలభై మందిమి ఉంటాం.
తొమ్మిదింటికి లోపల ఎవరో సొమ్మసిల్లారు.
ఆవిడ మిషన్ మీద నన్ను కూర్చోబెట్టారు.
కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.
జీన్స్ వెనక జేబులు. కరెంటు పోయేదాకా కుట్టాను.
గంటా పది నిమిషాలు రాసుకో.
పద్నాలుగు మలోటీలు ఇచ్చారు.
రానూపోనూ టాక్సీకి పద్దెనిమిది."

నేను 'అవును' నొక్కాను.
గడి ఆకుపచ్చగా వెలిగింది.
ఈ వారానికి ఆమె ఉద్యోగి.

చీకట్నించి తొమ్మిదిదాకా నిలబడ్డ కాళ్ళకి
ఈ ఫారంలో గడి లేదు. వెతికాను.
గంటకి పన్నెండు చొప్పున, అని భాగించింది యంత్రం.
టాక్సీ దానికి తెలియదు.

పిల్లలెంతమంది అన్నాను.
ఎవరూ లేరంది.
మా వైపు కోడలు గడపలో అడుగు పెట్టిన రోజే
ఇంకా పుట్టని బిడ్డకి అమ్మని చేసి పిలుస్తారు.
సెబాతా పుట్టలేదు.
మాసెబాతా మాత్రం మిగిలింది.
రేపు ఆఫీసులో ఆ పేరు కూడా తీసేసి
నాలుగంకెల నంబరు ఇస్తారు, గోప్యత కోసం.

డబ్బు ఎవరికైనా పంపుతారా?
"మొఖోట్లాంగ్ కొండల్లో అత్తకి. తమ్ముడి పిల్లలకి బూట్లు.
పక్కింటావిడకి అప్పు, ఆవిడ మళ్ళీ నాకు అప్పు..."
ఇతరములు, అని నొక్కాను.
మా దేశం సగం ఆ మాటలోనే కాపురముంటుంది.

"ఆ సొమ్మసిల్లినావిడ?"
ఇది ఫారంలో లేని ప్రశ్న.
"ఇక్కడికి మూడో ఇల్లు. మళ్ళీ పిలవలేదట.
నీ జాబితాలో ఉందా?"
లేదు. ప్రతి పదకొండో ఇల్లే నాది.
అయినా ఉంటే మాత్రం ఏం?
ఒకరు పడ్డారు, ఒకరు కూర్చున్నారు.
కూడితే తీసేస్తే, కేప్‌టౌన్‌లో గీసే ఆ గీత
వెంట్రుకవాసి కదలదు.

అప్పుడామె కొంగర పీట నాకేసి జరిపి
"మరి నీకెంతిస్తారు?" అంది.
ఫారానికి ముప్పై అయిదు. సగంలో ఆగిపోతే సున్నా.
"అంటే నువ్వూ జేబులే కుడుతున్నావు," అంది.
నాకు జవాబు తోచలేదు.
నీళ్ళు మాత్రం అప్పటికి నిజంగానే కాగాయి.
చక్కెర లేని టీ. ఆ పూటకి నా గంట ఖర్చయింది.

బయట గాలి చెంపలు కోస్తోంది.
ఒకటి. రెండు.
మూడో తలుపు ఓరగా తెరిచి ఉంది.
గుమ్మంలో ఆడమనిషి బూట్లు, ఆరేసినట్టు, మడమలు పైకి.
లోపల ఎవరో దగ్గారు, లేక కుర్చీ జరిపారు.

నాలుగు, అన్నాను పైకే.
అయిదు.