పచ్చ వైరు

గిరింపేటలో రాత్రి పదకొండు దాటి
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లారీల మోత తగ్గినాక
పుస్తకం తెరుస్తాను.
నలభై నాలుగేళ్ళకు కొత్తగా కళ్ళద్దాలు,
గీతలు గీసుకోను కూతురి పెన్సిలు.
ఆదివారం తిరపతిలో పరీక్ష.
ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనిని
చేయొచ్చని చెప్పే కాగితం కోసం.

నాకు పని నేర్పింది ఆర్ముగం మేస్త్రి.
అరవం సగం, తెలుగు సగం కలిపి తిట్టేవాడు.
"తీగను అరచేత్తో చూడొద్దురా,
చెయ్యి వెనకపక్క తగిలించు.
కొట్టిందంటే చెయ్యి దానంతటదే ఎగిరిపోతుంది.
అరచెయ్యైతే పట్టుకుంటుంది, ఇంక ఇడవదు."
ఆయన పాఠమంతా అదే.
ఈ పుస్తకంలో వెతికాను, లేదు.
పుస్తకం అసలు చెయ్యే పెట్టొద్దంటుంది.

ఇందులో అంతా 'వలెను', అంతా 'రాదు'.
స్విచ్చి ఫేజు తీగ మీదనే ఉండవలెను.
న్యూట్రల్ దారిలో ఫ్యూజు పెట్టరాదు.
ఒక లైట్ల సర్క్యూటుకు పది పాయింట్లు మించరాదు.
రాసినాయన సంతపేటలో ఒక్క ఇల్లూ చూసినట్టు లేదని
నవ్వుకుంటాను,
ఒకే ప్లగ్గులో ఫ్రిజ్జు, మిక్సీ, నీళ్ళ మోటారు,
గంగజాతరొస్తే వీధికంతా సీరియల్ లైట్లు.

నవ్వుకుంటూనే పేజీ తిప్పాను. ఎర్తింగు.
లోహపు ఒళ్ళున్న ప్రతి యంత్రాన్నీ
భూమికి కలపవలెను.
పెన్సిలు అక్కడ ఆగింది.

మురకంబట్టులో కస్తూరక్క టిఫిన్ అంగడి.
తొమ్మిదేళ్ళ కిందట నేనే వైరింగు చేశాను.
"గుంత తవ్వను, పైపుకు, ఉప్పుకు, బొగ్గుకు
ఇంకా నాలుగు వేలా? గమ్మునుండప్పా" అన్నాడు వాళ్ళాయన.
నేను గమ్మునున్నాను.
సాకెట్టులో పచ్చ వైరు లేకుంటే
ఎవరైనా విప్పి చూస్తే బాగుండదని
జానెడు జానెడు ముక్కలు కోసి బిగించాను.
ఒక కొన సాకెట్టులో,
ఇంకో కొన సిమెంటులో.

రెండేళ్ళకు ఫోను చేసింది కస్తూరక్క.
"గ్రైండరు ముట్టుకుంటే జుమ్మంటా ఉండాది నాయనా."
"చెప్పులేసుకో అక్కా" అన్నాను.
పిండి కాడ చెప్పులేందని
కాళ్ళ కింద పలక వేసుకుంది.
మొన్న గూడా అక్కడే ఇడ్లీ తిన్నాను.
పలక మీద రెండు పాదాల మేర అరిగిపోయి ఉంది.
నా దగ్గర డబ్బులు తీసుకోదు ఆమె,
కరెంటు పెట్టినోడివి అంటుంది.

పుస్తకం మూయలేదు, చదవనూ లేదు.
గోడకానుకుని కూర్చుంటే
ఎక్కడో మొదటి కోడి కూసింది.

బుధవారం పొద్దున గునపం, జీఐ పైపు,
రెండు మూటల బొగ్గు, ఒక మూట కల్లుప్పు.
"ఇప్పుడేందప్పా ఇది?" అంది.
"పరీక్షకు ప్రాక్టికల్ అక్కా."
గోడకు ఒకటిన్నర మీటరు ఎడంగా కొలిచి మొదలుపెట్టాను.
మూడడుగులకే గుండు తగిలింది.
చిత్తూరు నేల, సులువుగా ఏదీ లోపలికి పోనీదు.
మధ్యాహ్నం దాటింది.
బోర్డు విప్పి సిమెంటు గిల్లితే
నా జానెడు ముక్క బయటికొచ్చింది,
తొమ్మిదేళ్ళయినా రవంత గూడా వెలిసిపోకుండా
నిన్న కోసినంత పచ్చగా.

అన్నీ కలిపి, టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి,
గ్రైండరు వేయమన్నాను.
రాళ్ళు తిరుగుతున్నాయి.
తడి నేల మీద చెప్పులిడిచి నిలబడి
దాని స్టీలు ఒంటి మీద చెయ్యేశాను,
వెనకపక్క కాదు, అరచెయ్యి.

"ఇంక పలక తీసెయ్యక్కా."
"ఉండనీలే, అలవాటైపోయింది" అంది.

ఈ రాత్రి ఇంకా ఎనభై పేజీలున్నాయి.
నేను వెనక అట్ట మీద పేర్లు రాస్తున్నాను.
మిట్టూరు టైలరు. కట్టమంచి రిటైర్డు నర్సు.
బెల్లం మండీ వెనక, మేడ మీద అద్దెకున్నోళ్ళు,
పేరు గుర్తు రావడం లేదు,
చంటిబిడ్డ ఉండేది.