ముప్పై ఎనిమిదో రోజు

కత్తులు నూనెగుడ్డలో చుట్టి
అటక మీద పెట్టేశాను.
కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి.
గోందర్ బజారులో ఈగలు కూడా
నా కొట్టు దారి మరిచిపోయాయి.

పెద్ద ఉపవాసం.
మాంసం లేదు, పాలు లేవు, గుడ్డు లేదు.
మూడో జాము దాటి గంట కొట్టేదాకా
మంచినీళ్లయినా గొంతు దిగవు.
ఇదేం గొప్ప కాదు.
ముప్పై ఏళ్లు మాంసం తూచినవాడికి
దాని మీద మోజు ఎప్పుడో చచ్చింది.

కానీ ఇవాళ, ఎదురుకొట్టు దర్జీ ములుగేత
కొత్త బూట్లేసుకుని వచ్చాడు.
మెస్కెల్ పండక్కి పట్టుకెళ్లిన నాలుగు కిలోల బాకీ
వాడి కాళ్ల కింద కిర్రుకిర్రుమంటోంది.

మాట లేచింది.
పదును పెట్టక్కర్లేని మాట,
ఎముక దాకా దిగే మాట.
ఎండిన నాలుక మీద
ఎంత తడిగా ఉందో అది!

నోరు కట్టుకోవడమంటే
తిండి ఒక్కటే అనుకున్నానిన్నాళ్లూ.

"ఎండ ముదిరింది, లోపలికి రా" అన్నాను.
నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.
వాడు కూర్చున్నాడు. బాకీ ఊసెత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

గంట కొట్టారు.
వుబాలెం ఇంజెరా మీద షిరో వడ్డిస్తూ
"ఏమన్నాడు?" అంది.
"ఏమీ అనలేదు."
షిరోలో ఉప్పు తక్కువైంది.
అదీ మింగాను.

ప్రభువు నలభై రోజులు
రాళ్ల మధ్య గెలిచాడు.
నాకింకా పదిహేడు మిగిలాయి.
ఆ మాట మాత్రం
పంటి సందున ఇరుక్కున్న మాంసప్పీచులా
అక్కడే ఉంది.
నాలుక మాటిమాటికీ పోయి
దాన్నే తడుముతోంది.