ఒక్క గుడి

పొద్దున ఏడింటికి బ్రాడీపేటలో ఫ్లెక్సీ విప్పితే
ఎర్రటి అక్షరాలు, మనిషెత్తున:
'ఊపిరి కోసం చర్చి'.
తలకట్టు ఉండాల్సిన చోట
నాగూర్ వలి గుడి పెట్టాడు.
గుడి పెడితే చర్చి అయిందని
బాజీ మెట్ల మీద కూలబడి నవ్వాడు.
హెప్సిబా నవ్వలేదు.
పద్దెనిమిది వందలూ తన చేతి మీదుగానే వెళ్లాయి.

"మళ్లీ కొట్టాలంటే మధ్యాహ్నం దాటుద్దమ్మా,
ఎవరిదో ఓణీల ఫంక్షను, మిషను ఖాళీ లేదు."
సభ పదింటికి.

ఎనిమిదిన్నరకి హాలు పోయింది.
బ్యాంకు ఇంటర్వ్యూలట, వాళ్లకి ఏసీ కావాలట.
మాకు సైకిల్ స్టాండు మిగిల్చారు,
దాని రేకు అప్పటికే పెనంలా ఉంది.
నలభై కుర్చీలు మోశాం.
ముప్పై ఎనిమిదింటికే నాలుగు కాళ్లూ ఉన్నాయి.

తొమ్మిదీ పావుకి డాక్టరు గారి ఫోను:
"ఎమర్జెన్సీ వచ్చింది, మంగళగిరి దాటలేను."
ఊపిరితిత్తుల బొమ్మలన్నీ ఆయన లాప్‌టాప్‌లోనే.
నా దగ్గర
ఆయన పేరు రాసిన అట్టముక్క,
ఆయనకని కొన్న శాలువా.

కార్మిక శాఖ నుంచి ఒకాయన వచ్చాడు,
వాచీ చూసుకుంటూనే వచ్చాడు.
ఆయన మాటల్లో సగం మైకు తినేసింది.
"మాస్కులు... గత సంవత్సరం... శాతం..."

ముందు వరసలో ఒకావిడ.
సంచిలో బైబిలు, కొంగు అంచున ఎర్రటి పొడి.
లోపలికొస్తూ నన్నడిగింది,
"కొత్తగా పెట్టారామ్మా ఈ చర్చి?"
కూర్చోండి అన్నాను.
అబద్ధమైతే చెప్పలేదు.

ఆయన శాతాల మధ్యలో
ఆవిడ కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తింది.
ప్రశ్న అనుకున్నాడు బాజీ,
మైకు తీసుకెళ్లి ఆ చేతిలో పెట్టాడు.

"ఎలీశమ్మ నా పేరు.
దగ్గుకి ప్రార్థన చేస్తారేమోనని వచ్చా.
యార్డులో పదకొండేళ్లుగా తొడాలు తీస్తున్నా.
రాత్రి నడుం వాలిస్తే గొంతులో కాయ పగులుద్ది.
నా సంగతి సరే,
నా పక్కన కూచునే పిల్లకి ఏడో నెల.
దాని గురించి ఎవరికి చెప్పుకోవాల,
పైనున్న ఆయనకా, ఈయనకా?"

అప్పుడు దగ్గొచ్చింది.
మాటలు తినే మైకు
దగ్గుని మాత్రం ఒక్క ముక్క వదల్లేదు,
క్యాంటీన్ దాకా మోసింది.
ఇంటర్వ్యూ వరసలో టైలు బిగించుకున్నవాళ్లు
తలలు తిప్పి చూశారు.

"అర్జీ రాసివ్వండి" అన్నాడాయన, గొంతు సవరించుకుని.
లెక్కల పుస్తకంలో కాగితం చింపింది హెప్సిబా.

శాలువా ఇవ్వబోతే
"ఈ ఎండలో నాకెందుకే తల్లీ" అంది ఎలీశమ్మ.
"మళ్లీ ఎప్పుడు పెడతారు?"
హాలు లేదు, డబ్బు లేదు.
"వచ్చే బుధవారం" అన్నాన్నేను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

రెండింటికి నాగూర్ వలి ఫోను,
"మిషను ఖాళీ అయింది. ఆ గుడి తీసేసి ఊరికే కొట్టిస్తా, కొట్టమంటారా?"
బాజీ హెప్సిబా వైపు చూశాడు.
తను కుంటి కుర్చీలో కూర్చుని
అర్జీలో ఒక్కో తలకట్టూ
వేలు పెట్టి సరిచూసుకుంటోంది.