తోడు

నలభై మూడు కిలోలు.
టార్టు ఆసుపత్రిలో ఆ చలికాలం
నేను మొత్తం కలిపి అంతే.
ఊపిరితిత్తుల జబ్బుకి వేసిన మందులు
జబ్బుతో పాటు కడుపులో ఊరంతా ఖాళీ చేశాయి.
ఖాళీ ఇళ్లలోకి దొంగలు దిగారు.
రోజుకి పద్నాలుగుసార్లు
గోడ పట్టుకుని నడిచేదాన్ని.

డాక్టర్ కిప్పెర్ నేల చూపులు చూస్తూ అన్నాడు:
"ఆరోగ్యవంతుల మలం కావాలి. తోబుట్టువులున్నారా?"

సారెమా దీవి నుంచి పడవెక్కి, బస్సెక్కి
అక్క హెల్వె వచ్చింది,
తొంభై ఒక్క కిలోలతో, రై రొట్టెతో,
జాడీడు పుల్ల క్యాబేజీతో.
బడిలో తనని అందరూ పీపా అనేవాళ్లు.
అందరిలో నేనూ ఉన్నాను.

"సన్నటివాళ్లయితే మేలు" అని డాక్టర్ నసిగాడు.
సన్నటివాళ్లెవరూ రాలేదు.
రక్తం తీశారు. ఎనభై ప్రశ్నలడిగారు.
అక్క పగలబడి నవ్వింది:
"యాభై ఏళ్లలో మా చెల్లి నన్నేదీ అడగలేదు.
తీరా అడిగితే ఇదా!"

ఉప్పునీళ్లలో కలిపి, వడకట్టి
గొట్టంతో లోపలికి పంపారు,
గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసినట్టు.
మూడోరోజుకి
నేను తోడుకున్నాను.

ఏడాదిలో పద్దెనిమిది కిలోలు.
స్కర్టు హుక్కు అందని రోజు
ఫోన్ చేసి అరిచాను, నీ ఒళ్లు నాకు అంటగట్టావని.
అవతల చాలాసేపు సముద్రపు గాలి.
తర్వాత:
"క్యాబేజీ అయిపోయిందా? పంపనా?"

కిప్పెర్ తల గోక్కున్నాడు.
కావచ్చు, కాకపోవచ్చు,
ఎలుకల్లో చూశాం, మనుషుల్లో ఇంకా తేలలేదు,
అయినా ఇప్పుడు మీకు ఆకలేస్తోంది కదా, అన్నాడు.

మార్చిలో అక్క పోయింది. గుండె.
వాకిట్లో మంచు ఎత్తుతూ, పార చేతిలోనే.
నేల బిగుసుకుని ఉంది,
గొయ్యికి రెండు రోజులు పట్టింది.

నా మాటలన్నీ తను కడుపులో పెట్టుకుంది.
ఇప్పుడు తనని నేను.
లోపల కోట్లమంది, తన వాళ్లు,
వాళ్లకి చావుకబురు ఎవరూ చెప్పలేదు.
అర్ధరాత్రి గుడగుడమంటారు.
లేచి రొట్టె ముక్క కోస్తాను.
అక్క జాడీ అడుగుకొచ్చింది.
ఆ పులుపునీళ్లు పారబోయలేక
కొత్తగా తరిగిన క్యాబేజీ మీద వంచాను.

నిన్న మందుల షాపులో తూకమెక్కాను. అరవై రెండు.
కౌంటర్ అమ్మాయి
సన్నబడే మాత్రల డబ్బా ముందుకి జరిపింది.
వద్దన్నాను.
ఇందులో ఎన్ని కిలోలు ఎవరివో
ఇంకా తేలలేదు.