వైపరు అనుకుని

టువూంబా కొండ దిగుతున్నాం.
పక్క సీట్లో డల్సీ, ఎనభై రెండేళ్ళు, రెండు కళ్ళలోనూ శుక్లాలు,
ఒళ్ళో సగం తిన్న బిస్కట్ల పొట్లం.
ఇప్స్‌విచ్‌లో కంటి డాక్టరు పదకొండింటికి రమ్మన్నాడు.

కారు మా కేర్ హోమ్ వాళ్ళది. పాత ఫోర్డు.
దాని గేరు కింద ఉండదు,
స్టీరింగు మెడకే అంటుకుని ఉంటుంది
వైపరు మీటకి తోడికోడల్లా.

రెండో మలుపులో వాన.
చినుకులు కాదు, ఎవరో బిందె బోర్లించినట్టు.
నా ఎడమచెయ్యి వెళ్ళింది.
నేను పంపలేదు, అదే వెళ్ళింది,
ఒక మీట పట్టుకుని ఇటు లాగి పైకెత్తింది.

అద్దం మీద నీళ్ళు అలాగే ఉన్నాయి.

ముందు ఇంజను అరిచింది, పలుపు తెంచుకున్న గొడ్డులా.
ఆ వెంటనే కింద, నా పాదాల కింద,
ముందుకు పోయే ఇనుముని
ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు.
బిస్కట్లు డాష్‌బోర్డు మీదకి ఎగిరాయి.
తర్వాత చప్పుడే లేదు.
ఎర్రదీపాలన్నీ ఒక్కసారే వెలిగాయి, పెళ్ళివారిల్లులా.
స్టీరింగు రుబ్బురోలైపోయింది.
బండి మాత్రం ఆగలేదు
అరవైలో, ఊపిరి లేకుండా, దిగుతూనే ఉంది.
వెనకాల గొర్రెల లారీ హారను.

"బ్రేకు ఊరికే తొక్కకు," అంది డల్సీ.
"రెండు మూడు తొక్కులే మిగిలుంటాయి, దాచుకో.
ఎన్‌లో పెట్టు. తాళం తిప్పు."
"ఎన్ ఎక్కడ?"
"నాకేం కనిపిస్తుందే పిల్లా! ఒక్క మెట్టు కిందకి."

ఒక్క మెట్టు. తాళం.
దగ్గింది.
మళ్ళీ.
అందుకుంది.

ఇదే కొండ మీద ఇరవై ఆరేళ్ళు
పాల ట్యాంకరు నడిపిందట.
ఆ సంగతి విత్‌కాట్ దాటాక చెప్పింది,
వేళ్ళతో తడిమి బిస్కట్లు ఏరుకుంటూ.
"పళ్ళచక్రాలు తిట్టుకుంటుంటే
చూడ్డానికి కళ్ళెందుకు?"

సాయంత్రం మెకానిక్ మెర్విన్
కొలకడ్డీ లాగి నా ముక్కు దగ్గర పెట్టాడు.
దానిమ్మరసంలా ఉండాల్సిన నూనె,
మాడిన ఇంగువ పోపు.
"కొత్త బళ్ళయితే నీ మాట వినవు.
వెనక్కి అన్నావంటే ముందు వేగం చూసుకుంటాయి,
విననట్టు ఊరుకుంటాయి.
ఇది పాతది. చెప్పినట్టు చేసింది, పాపం."

నూనె మార్చడానికి రెండు గంటలు.
అంతసేపూ ఆ పాపం అన్న మాట
ఎవరికి చెందుతుందా అని కూర్చున్నాను.

ఇప్పుడు గేరు మీటకి నా జడ రబ్బరు బ్యాండు, రెండు చుట్లు.
వేళ్ళకి తగిలితే తెలుస్తుందని.

గురువారం డల్సీ కంటి కట్టు విప్పారు.
కారెక్కి ముందు రబ్బరు బ్యాండు చూసింది,
తర్వాత నన్ను, చాలాసేపు.
"నువ్వింత చిన్నపిల్లవా," అంది
సీటుబెల్టు ఇంకో అంగుళం బిగించుకుంటూ.